చక్రాల ఇంట్లో గ్రీసు దేశం

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మొన్న నేను కూరల సంచీతో ఇంటికి వస్తుంటే పక్కింటి పిన్నిగారు ఆపి అడిగారు, "ఏమ్మా, ఈసారి రేడియోలో ఏం చెబుతున్నావు? ఊరగాయలా, ఊలు అల్లకమా?" అని. "కాదు పిన్నిగారూ, ఒక ఆడమనిషి ఒంటరిగా గ్రీసు దేశం తిరిగి వచ్చిన వైనం చెబుతాను" అన్నాను. ఆవిడ బుగ్గన వేలు వేసుకున్నారు. "ఒంటరిగానా! మరి రాత్రిళ్ళు ఎక్కడ పడుకుందీ?" అన్నారు. చూశారా, మన ఆడవాళ్ళకి ముందుగా వచ్చే ప్రశ్న అదే. ఏం చూసింది, ఏం తిన్నది అని కాదు, ఎక్కడ పడుకుందీ అని. అందుకని నేనూ అక్కడినుంచే మొదలు పెడతాను.

ఆ మనిషి మరెవరో కాదు, మావారి అక్కగారు, మా వదినగారు. ముప్ఫై ఏళ్ళుగా జర్మనీలో ఉంటున్నారు. రిటైరయ్యాక ఇద్దరూ కలిసి దేశాలు తిరగాలని ఆవిడా అన్నయ్యగారూ ఒక పాత మోటారు హోము కొనుక్కున్నారు. కొన్న ఏడాదికే అన్నయ్యగారు పోయారు. బండి రెండేళ్ళు కదలకుండా పడి ఉంది. అమ్మేద్దామన్నాడు కొడుకు. కొనడానికి మనిషి కూడా వచ్చాడట. వదినగారు తాళంచెవి ఇవ్వబోయి ఇవ్వలేకపోయారు. 2022 సెప్టెంబరు నెలాఖరున, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, ఆ బండి తానే నడుపుకుంటూ గ్రీసు బయలుదేరారు. కొడుకు వద్దన్నాడు. ఇక్కడినుంచి మావారు ఫోనులో కేకలేశారు. నిజం చెప్పొద్దూ, నేనూ "ఈ వయసులో ఇదేం సాహసం!" అనే అనుకున్నాను. రెండు నెలలు తిరిగి క్షేమంగా ఇల్లు చేరారు. మొన్న సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు, రాత్రిళ్ళు డాబా మీద కూర్చుని నేను అడిగి తెలుసుకున్న సంగతులే ఇవన్నీ.

ముందుగా ఈ మోటారు హోము అంటే ఏమిటో చెబుతాను. మన మినీ బస్సంత బండి అనుకోండి. వదినగారి బండి ఆరు మీటర్ల పొడవు. ముందు డ్రైవరు సీటు, పక్కన ఇంకో సీటు. వెనక భాగమంతా ఇల్లే. పడక, రెండు పొయ్యిల వంటగట్టు, చిన్న ఫ్రిజ్జు, మడత బల్ల, ఒక మూల స్నానానికీ మరుగుకీ గది. కింద నూరు లీటర్ల మంచినీళ్ళ ట్యాంకు. అంట్లు కడిగిన నీళ్ళు చేరడానికి వేరే ట్యాంకు. మరుగుదొడ్డి కిందది పెట్టెలాగా బయటికి లాగి, అందుకోసం కట్టిన చోట పారబోసి కడుక్కోవాలి. "మొదటిసారి ముక్కు మూసుకున్నాను, తరవాత అంట్లు తోముకున్నట్టే అయిపోయింది" అన్నారు వదినగారు. దీపాలకి ఇంజను బ్యాటరీ కాకుండా వేరే బ్యాటరీ ఉంటుంది. బండి నడిచేటప్పుడు కొంతా, పైకప్పు మీది సోలారు పలక వల్ల కొంతా అది నిండుతుంది. వంటకి గ్యాసు సిలిండరు. ఇక్కడ ఒక జాగ్రత్త. ఒక దేశపు సిలిండరుకి బదులు మరో దేశంలో నిండుది ఇవ్వరు, మూతి అమరికలు వేరు. అందుకని రెండు నెలలకి సరిపడా లెక్క చూసుకుని మరీ తీసుకెళ్ళారు. మూడున్నర టన్నుల లోపు బండి కనుక మామూలు కారు లైసెన్సే చాలింది.

నూరు లీటర్లంటే మనకి ఒక పూటకే చాలవు కదూ! వదినగారు మూడు రోజులు సరిపెట్టేవారట. గిన్నెలు ముందు కాగితంతో తుడిచి, ఆ తరవాత కాసిని నీళ్ళతో కడిగేవారు. కుళాయి రాని రోజుల్లో బిందె నీళ్ళతో ఇల్లు నెట్టుకొచ్చిన మనలాంటివాళ్ళకి ఇది కొత్త విద్యేమీ కాదు.

ఇక ప్రయాణం. జర్మనీ నుంచి ఆస్ట్రియా మీదుగా ఇటలీ దిగి, అంకోనా రేవులో బండితో సహా ఓడ ఎక్కారు. మర్నాటికి గ్రీసు పడమటి తీరంలో ఇగుమెనిత్సా అనే రేవులో దిగారు. అక్కడినుంచి కొండల మధ్య రోడ్డు మీద మెటేయొరాకి వెళ్ళారు. స్తంభాల్లా నిలుచున్న పెద్ద పెద్ద రాళ్ళు, ఆ రాళ్ళ నెత్తిన మఠాలు. ఇప్పటికీ ఆరు మఠాల్లో సన్యాసులున్నారు. అందులో రెండు ఆడవాళ్ళవే. పూర్వం మనుషుల్ని వలలో కూర్చోబెట్టి తాళ్ళతో పైకి లాగేవారట. ఇప్పుడు మెట్లున్నాయి. ప్యాంటు వేసుకున్న ఆడవాళ్ళకి గుమ్మంలోనే చుట్టుకోవడానికి ఒక గుడ్డ ఇస్తారు. వదినగారు ఆ రోజు చీర కట్టుకుని వెళ్ళారు. గుమ్మంలో కూర్చున్న సన్యాసిని ఆ చీర కుచ్చిళ్ళకేసి చూసి, తల ఊపి, చిరునవ్వు నవ్విందట.

తరవాత డెల్ఫీ శిథిలాలు చూసుకుని, రియో అనే చోట సముద్రం మీది వంతెన దాటారు. 2004లో ఏథెన్సు ఒలింపిక్సుకి కొద్ది రోజుల ముందు తెరిచిన వంతెన అది. 2,880 మీటర్ల పొడవు. భూకంపాలు వచ్చే చోటు కనుక కదలికకి తట్టుకునేటట్టు కట్టారు. వంతెన మీద గాలి బండిని పక్కకి నెట్టేస్తుంటే స్టీరింగు గట్టిగా పట్టుకుని, "వెంకన్న నామం నా నోట ఆగలేదు" అన్నారు వదినగారు. వంతెనకి ఆవలిది పెలొపొనీసు. ఒలింపిక్ ఆటలు పుట్టిన ఒలింపియా, ఆధునిక గ్రీసుకి ఏథెన్సు కన్నా ముందు రాజధానిగా ఉన్న నాఫ్ప్లియో, రాతి బురుజుల ఇళ్ళుండే మానీ, అన్నీ అటే.

ఇప్పుడు పిన్నిగారి ప్రశ్నకి వద్దాం. బండిలో పడక ఉంది కదా అని ఎక్కడపడితే అక్కడ నిలిపి పడుకోవడానికి గ్రీసులో వీలు లేదు. డబ్బు కట్టి ఉండే క్యాంపింగు స్థలాలున్నాయి. నీళ్ళు, కరెంటు, స్నానాల గదులు అన్నీ అక్కడ ఉంటాయి. సముద్రపు ఒడ్డున, అడవి అంచున, పురాతన కట్టడాల దగ్గర మకాం పెట్టడం నిషేధం. పూర్వం చాలామంది చూసీ చూడనట్టు వదిలేసేవారు. 2025లో చట్టాన్ని ఇంకా బిగించారు, జరిమానా 300 యూరోలు. వదినగారు ఒక్కసారి ఈ తప్పు చేశారు. సముద్రం బాగుంది కదా అని ఒడ్డునే ఆగిపోయారు. రాత్రి పదింటికి తలుపు మీద దబదబా చప్పుడు. గుండె గొంతులోకి వచ్చిందట. తలుపు తియ్యలేదు. దీపం వెయ్యలేదు. మెల్లిగా ముందు సీటులోకి వచ్చి, అద్దం రెండు వేళ్ళ మందం దించి చూస్తే పోలీసు. "ఇక్కడ ఉండకూడదమ్మా" అని చెప్పి, దగ్గరలో ఉన్న క్యాంపింగు దాకా తన జీపు ముందు నడిపి దారి చూపించాడు. "తప్పు నాది, సాయం అతనిది. ఆ రాత్రి సిగ్గుతో నిద్ర పట్టలేదు" అన్నారు.

అప్పటినుంచి కొన్ని నియమాలు పెట్టుకున్నారు. ఒంటరిగా ఊరు దాటే ఎవరికైనా పనికొస్తాయి, వినండి. పొద్దు గుంకేలోపు మకాం చేరాలి. బండి ముందు భాగం రోడ్డు వైపుగా నిలపాలి. డ్రైవరు సీటు మీద సామాను పెట్టకూడదు, అవసరమైతే తక్షణం బయలుదేరడానికి వీలుండాలి. రోజూ రాత్రి ఎక్కడున్నదీ కొడుక్కి ఫోను చేసి చెప్పాలి. దారిన పోయేవాడు "ఒక్కదానివేనా?" అని అడిగితే "మావాళ్ళు వెనక వస్తున్నారు" అనాలి. మనసుకి బాగులేదనిపిస్తే, కారణం వెతుక్కుంటూ కూర్చోకుండా చోటు మార్చెయ్యాలి. ఆపద వస్తే 112 అన్న నంబరుంది. యాత్రికుల కోసం వేరే పోలీసు నంబరు 1571. వేసవిలో అక్కడ కార్చిచ్చుల భయం ఎక్కువ, మే నుంచి అక్టోబరు ఆఖరుదాకా ఆరుబయట నిప్పు రాజెయ్యకూడదు. వంట ఏదైనా బండిలోనే.

భాష సంగతి మరీ తమాషా. గ్రీకులో "నే" అంటే అవును. "ఓహి" అంటే కాదు. "నే" అనగానే మనకి హిందీ వాళ్ళ "నహీ" గుర్తొచ్చి తబ్బిబ్బవుతాం. ఒక దుకాణంలో "రొట్టె ఉందా?" అని అడిగితే అతను "నే, నే" అన్నాడట. వదినగారు లేదనుకుని వచ్చేశారు. అతను రొట్టె పట్టుకుని వెనకాలే పరుగెత్తుకొచ్చాడు! పల్లెటూళ్ళలో ముసలివాళ్ళు కాదు అనడానికి నోరు కూడా విప్పరు. తల కాస్త పైకెత్తి, నాలుకతో "ప్చ్" అంటారు. ఇది మాత్రం మన అమ్మమ్మలు "ప్చ్, లేదు" అన్నట్టే ఉంటుంది కనుక వదినగారికి వెంటనే అర్థమైంది. పొద్దున "కలిమేరా", సాయంత్రం "కలిస్పేరా", ధన్యవాదానికి "ఎఫారిస్తో". ఈ మూడు మాటలు వస్తే చాలు, ఎదుటివాళ్ళ ముఖాలు విప్పారతాయట. మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకా మాత్రం ఎవరి తలుపూ తట్టకూడదు. అది వాళ్ళ కునుకు వేళ.

మనలాంటి శాకాహారులకి తిండి ఎలాగంటారా? అక్కడ ఉపవాస దినాలు చాలా ఎక్కువ. ఆ రోజుల్లో మాంసం, గుడ్డు, పాలు ముట్టరు. అలాటి వంటని "నిస్తీసిమో" అంటారు. ఆ మాట చెప్పి అడిగితే చాలావరకు ఇబ్బంది ఉండదు. కాని వాళ్ళ లెక్కలో రొయ్యలూ పీతలూ ఉపవాసానికి పనికొస్తాయి, అది గుర్తుంచుకోవాలి సుమా. గట్ల మీది ఆకుకూరలు ఏరుకొచ్చి, ఉడకబెట్టి, నిమ్మరసమూ ఆలివ్ నూనే పోసి ఇస్తారు, దాన్ని హోర్తా అంటారు. టొమాటోలో బియ్యం కూరి చేసేది గెమిస్తా. అందులో కైమా కూడా పెడతారు కనుక అడిగి తినాలి. అన్నిటికన్నా వదినగారికి ఆశ్చర్యం కలిగించింది బెండకాయ. బామియెస్ అని, టొమాటో రసంలో మగ్గబెడతారు. "పరాయి దేశంలో బెండకాయ కూర చూస్తే పుట్టింటివాళ్ళు ఎదురైనట్టు అనిపించింది" అన్నారు.

ఇక అసలు కథ. నవంబరు మొదట్లో కలమాటా పట్నానికి దక్షిణాన, మానీ ప్రాంతంలో ఒక చిన్న ఊళ్ళోకి ఫోను చూపించిన దారి పట్టుకుని వెళ్ళారు. కార్లకి పనికొచ్చే దారి ఆరు మీటర్ల బండికి పనికొస్తుందని ఫోనుకేం తెలుసు! సందు ఇరుకైపోయింది. ఒక పక్క రాతి గోడ, మరో పక్క మేడ వసారా. ముందుకి పోలేరు, వెనక్కి రాలేరు. వెనకనుంచి ఒక ట్రాక్టరు వచ్చి నిలబడింది. వదినగారికి చెమటలు పట్టేశాయి. "ఆయనుంటే దిగి చెప్పేవారు కదా అని అప్పుడు ఏడుపొచ్చింది. రెండేళ్ళలో అలా గట్టిగా ఏడవలేదు" అన్నారు.

కాఫీ కొట్టు ముందు కూర్చున్న మగవాళ్ళు లేచి వచ్చారు. ఎవరూ ఆవిడని తిట్టలేదు, నవ్వలేదు. ఒకాయన ట్రాక్టరుని వెనక్కి పంపాడు. ఇద్దరు పూలకుండీలు తీసేశారు. ఒక ముసలాయన బండి ముందు నిలబడి, చక్కటి జర్మను భాషలో "అమ్మా, నా చేతులు మాత్రమే చూడు. గోడని చూడకు" అన్నాడు. ఆ మారుమూల పల్లెలో జర్మను భాషేమిటని మీకు సందేహం రావచ్చు. 1960లో పశ్చిమ జర్మనీకీ గ్రీసుకీ ఒప్పందం కుదిరాక, లక్షలాది గ్రీకులు అక్కడి ఫ్యాక్టరీలకి పనికి వెళ్ళారు. చాలామంది తరవాత సొంత ఊళ్ళకి తిరిగి వచ్చేశారు. ఈ ముసలాయనా వాళ్ళలో ఒకడే. ముప్పావు గంట పట్టింది, అంగుళం అంగుళం చొప్పున వెనక్కి రావడానికి. బండికి ఒక్క గీత పడింది, అంతే. పక్కింట్లోంచి నల్లబట్టల ముసలమ్మ ఒకావిడ చల్లటి మంచినీళ్ళూ, చిన్న పళ్ళెంలో చెంచాడు తీపీ తెచ్చి చేతికిచ్చింది. పళ్ళని పాకంలో ఉడికించి దాచుకుంటారు, ఇంటికొచ్చిన వాళ్ళకి అదీ మంచినీళ్ళూ ఇవ్వడం అక్కడి మర్యాద. వదినగారు పర్సు తియ్యబోతే ముసలాయన తల పైకెత్తి "ప్చ్" అన్నాడట.

పాత గ్రీకు భాషలో పరాయివాడికీ, అతిథికీ ఒకటే మాట, "క్సేనోస్" అని. వాళ్ళ పెద్ద దేవుడు జ్యూస్‌కి అతిథుల్ని కాపాడేవాడు అన్న పేరు కూడా ఉంది. మన భాషలోనూ అతిథి అంటే తిథి చెప్పకుండా వచ్చేవాడనే కదా! వాళ్ళ వాకిట్లోకి అలా చెప్పకుండా వచ్చిపడ్డ మనిషి వదినగారు.

ఆ రాత్రికి చర్చి ముందున్న ముసలాయన సొంత దొడ్లో బండి నిలుపుకోమన్నారు. ఒక రాత్రి అనుకున్నది తొమ్మిది రోజులయింది. ఎందుకంటే ఆలివ్ కాయలు కోసే రోజులవి. చెట్ల కింద వలలు పరిచి, కొమ్మల్ని దులుపుతారు. రాలిన కాయల్లోంచి ఆకులూ పుల్లలూ ఏరి గోనెలకెత్తి గానుగకి పంపుతారు. మన దగ్గర చింతపండు దులిపినట్టే! వదినగారు ముసలమ్మ పక్కన కూర్చుని ఏరడానికి సాయం పట్టారు. డబ్బు ఇస్తే చిన్నబుచ్చుకుంటారు, ఊరికే తీసుకోవడానికి మనకి మనసొప్పదు. మన ఇళ్ళలో పక్కింటివాళ్ళ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వం కదా, ఆ పద్ధతే పాటించారు. వాళ్ళ చెట్టు నిమ్మకాయలతోనే, తన పసుపూ ఆవాలూ ఇంగువా వేసి పులిహోర కలిపారు. పిల్లలు మూతి వంకర పెట్టారట గాని ముసలాయన మూడుసార్లు వడ్డించుకున్నాడు.

ముసలమ్మని ఊరంతా "యాయా" అంటారు, అంటే అమ్మమ్మ. ఒకరోజు ఆలివ్ కాయలు ఏరుతూ యాయా సైగలతో అడిగింది, నీ మొగుడెక్కడ అని. వదినగారు ఆకాశం వైపు చూపించారు. యాయా తన నల్లబట్టలు పట్టుకుని చూపించింది. అక్కడి పల్లెల్లో పాతకాలపు ఆడవాళ్ళు మొగుడు పోతే బ్రతికున్నన్నాళ్ళూ నలుపే కడతారు. తరవాత వదినగారి ఆకుపచ్చ స్వెట్టరు పట్టుకుని చూసింది. "ఏమంటుందో, తప్పు పడుతుందేమో అనుకున్నాను. ఆ స్వెట్టరు మీద పడ్డ ఆలివ్ ఆకు ఒకటి తీసి పారేసి, మళ్ళీ కాయలు ఏరుకోవడంలో పడింది, అంతే" అన్నారు వదినగారు.

మర్నాడు ముసలాయన చేత చెప్పించింది, కొండ అవతల సముద్రం ఒడ్డున తన పుట్టిల్లు ఉందనీ, మోకాళ్ళ నెప్పుల వల్ల బస్సెక్కలేక నాలుగేళ్ళయి చూడలేదనీ. వదినగారు బండి తీశారు. అన్నయ్యగారు పోయాక ఆ పక్క సీటులో ఎవరూ కూర్చోలేదట. చేతిసంచీ పెట్టుకునేవారు. యాయా ముక్కుతూ మూలుగుతూ ఎక్కి, ఆ సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, దర్జాగా కూర్చుంది. దారి పొడుగునా ఏదో చెబుతూనే ఉందట. "ఒక్క ముక్క అర్థం కాలేదు. కాని మలుపు వచ్చినప్పుడల్లా చెయ్యి ఊపి చెప్పింది, ఆయన చెప్పినట్టే" అన్నారు వదినగారు. ఆ మాట అన్నాక డాబా మీద ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

బయలుదేరే రోజున అయిదు లీటర్ల నూనె డబ్బా ఇచ్చి, యాయా బండి అద్దానికి నీలిరంగు పూస ఒకటి కట్టింది. అది దిష్టిపూస. తరవాత "ఫ్తూ, ఫ్తూ, ఫ్తూ" అని మూడుసార్లు ఉమ్మినట్టు చేసింది. అదీ దిష్టికే! మన లారీలకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టమూ మరి?

ఇంతకీ నేను చెప్పదలుచుకున్నది ఏమిటంటే, అందరం బళ్ళు కొనుక్కుని గ్రీసు వెళ్ళిపోదామని కాదు. ఒంటరిగా వెళ్ళడమంటే ఎవరి సాయమూ లేకుండా వెళ్ళడం అని నేను ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని. వదినగారు చెప్పింది వేరు. "పక్కన మనిషి ఉంటే అన్నీ ఆయన్నే అడుగుతాం. ఎవరూ లేనప్పుడు ఊరిని అడుగుతాం. అడగడానికి సిగ్గుపడకూడదు, ఎవర్ని అడగాలో చూసుకోవాలి, తీసుకున్నది ఏదో ఒక రూపాన తిరిగి ఇచ్చెయ్యాలి. అంతే అమ్మాయ్, ఇందులో పెద్ద ధైర్యమేమీ లేదు" అన్నారు.

పదో క్లాసుతో చదువు ఆపి, పెళ్ళై ఇరవై రెండేళ్ళయినదాన్ని. విజయవాడ నుంచి రాజమండ్రి దాకా కూడా ఇంతవరకు ఒక్కదాన్నే వెళ్ళి ఎరగను. అక్కడ నా చిన్ననాటి స్నేహితురాలు కాలు విరిగి మంచం మీద ఉంది. "ఎవరైనా తీసుకెళితే చూసొద్దును" అని ఆర్నెల్లుగా అనుకుంటున్నాను. వదినగారు ఊరికి వెళ్ళిన మర్నాడే బస్సుకి టిక్కెట్టు తీయించుకున్నాను. వచ్చే గురువారం ప్రయాణం. పొద్దు గుంకేలోపు చేరే బస్సే లెండి!